అశోకారిష్టమా, శతావరా, మెంతులా? నెలసరి ఇబ్బందుల్లో ఏది ఎవరికి?

నెలసరి సరిగా రావడం లేదని చెప్పగానే మన ఇళ్లలో ఎవరో ఒకరు అశోకారిష్టం తాగమంటారు. రక్తస్రావం ఎక్కువగా ఉందన్నా అదే సీసా, తెల్లబట్ట అన్నా అదే సీసా. నిజానికి ఆయుర్వేదం ఆ మందును ప్రధానంగా చెప్పింది అధిక రక్తస్రావానికి. అశోక పట్టలో ఉన్నది వగరు గుణం, దాని పని స్రావాన్ని నిలపడం. మూడు నెలలుగా నెలసరి రాని అమ్మాయికి అదే తాగిస్తే ఆధునిక వైద్యం మాట అటుంచి, ఆయుర్వేదం ప్రకారం కూడా అది పొసగదు. వేర్వేరు పనులు చేసే మూలికలన్నిటినీ 'ఆడవాళ్ల మందు' అనే ఒక్క పేరు కింద చేర్చేయడం వల్లే ఇలా జరుగుతోంది. అందుకే ఈ పోలికలో ముందు ఇబ్బంది ఏమిటో తేల్చుకుని, ఆ తర్వాతే మూలిక దగ్గరికి వెళదాం.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది, మీ ఇబ్బందికి సరైన పేరు పెట్టడం. 'హార్మోన్ల సమస్య' అనేది పేరు కాదు. నెలసరి ఆలస్యమవుతోందా, ఎక్కువగా పోతోందా, నొప్పి భరించలేకపోతున్నారా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయా, వేడి ఆవిర్లతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా? ఒక్కోదానికి దారి వేరు.

రెండోది, దాని వెనక కారణం. నెలసరి తప్పితే, గర్భం వచ్చే అవకాశం ఏ కొంచెం ఉన్నా మొదట మందుల దుకాణంలో దొరికే కిట్‌తో గర్భ పరీక్ష చేసుకోవాలి. తర్వాత థైరాయిడ్, హిమోగ్లోబిన్, అవసరమైతే ప్రోలాక్టిన్ (పాలు పుట్టించే హార్మోను) రక్త పరీక్షలు, స్కానింగ్. థైరాయిడ్ లోపం వల్ల గతి తప్పిన నెలసరిని ఏ చూర్ణమూ సరిచేయలేదు.

మూడోది మోతాదు. ఏదైనా పరీక్షలో ఒక గింజ పనిచేసిందని తేలితే, అందులో ఎంత ఇచ్చారో, మనం ఇంట్లో ఎంత తింటున్నామో పోల్చుకోవాలి. చాలామంది నిరాశపడేది ఇక్కడే.

నాలుగోది, ఇప్పటికే వాడుతున్న మందులు. థైరాయిడ్ మాత్రలు, మధుమేహం మాత్రలు, రక్తం పలుచబడే మందులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు ఏ మూలికనైనా వైద్యులతో చెప్పి మొదలుపెట్టాలి.

ఐదోది, డబ్బాలో నిజంగా ఉన్నదేమిటన్నది. దీని గురించి చివర్లో వివరంగా చెబుతాను.

మూలికల జోలికి అసలు వెళ్లకూడని సందర్భాలూ ఉన్నాయి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపించడం వాటిలో మొదటిది. ఒక్క చుక్క కనిపించినా స్త్రీ వైద్య నిపుణురాలికి చూపించాలి, ఎందుకంటే గర్భసంచి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ తొలిదశలో ఇచ్చే సూచన చాలాసార్లు ఇదే. "వేడి చేసింది" అని సరిపెట్టుకుని అశోకారిష్టంతో నెలలు గడిపితే, సులభంగా నయమయ్యే కాలం చేజారిపోతుంది. గంటకో ప్యాడ్ తడిసిపోవడం, ఏడు రోజులకు మించి స్రావం, కలయిక తర్వాత రక్తం, 90 రోజులు దాటినా నెలసరి రాకపోవడం, 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోవడం, ఉన్నట్టుండి గొంతు బొంగురుపోయి ముఖం మీద వెంట్రుకలు దట్టంగా రావడం కూడా ఈ కోవలోవే.

అశోకారిష్టం

అశోక పట్ట కషాయంలో బెల్లం, ఆరెపువ్వు, జీలకర్ర, శొంఠి, తుంగముస్తలు, త్రిఫల వంటివి కలిపి పులియబెడితే తయారయ్యేది అశోకారిష్టం. పులిసినప్పుడు దానంతట అదే ఆల్కహాలు పుడుతుంది. సీసా మీద చూస్తే సాధారణంగా 5 నుంచి 10 శాతం అని రాసి ఉంటుంది. భోజనం తర్వాత 12 నుంచి 24 మిల్లీలీటర్లు, అంతే నీళ్లు కలిపి తాగమని చెబుతారు.

ఇది ఎక్కువగా సరిపోయేది స్రావం కాస్త ఎక్కువగా ఉండి, స్కానింగ్‌లో గడ్డలేవీ లేవని తేలి, ఆయుర్వేద వైద్యుల పర్యవేక్షణలో వాడేవారికి. దీని వెనక శతాబ్దాల వాడుక ఉంది, ప్రయోగశాల పరిశోధనలూ ఉన్నాయి. అయితే స్త్రీల మీద పకడ్బందీగా జరిగిన పెద్ద పరీక్షలు మాత్రం లేవు. మరోవైపు, వైద్యులు రాసే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు స్రావాన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయని పరీక్షల్లో గట్టిగా తేలింది. వాటిని నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకుంటారు. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి అవి పనికిరావు. స్రావం వల్ల హిమోగ్లోబిన్ పడిపోతున్నవారు ఈ రెంటిలో మాత్రల వైపు వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమందికి ఒంట్లో రక్తమే తక్కువగా ఉన్నప్పుడు, అరిష్టం పనిచేస్తుందేమోనని ఆరు నెలలు ఎదురుచూసే వెసులుబాటు చాలామందికి లేదు.

జాగ్రత్తలు మూడు. గర్భిణులకు వద్దు, అందులోని ఆల్కహాలు ఒక్కటే అందుకు చాలు. బెల్లం వాటా ఎక్కువ కాబట్టి మధుమేహం ఉన్నవారు ఆలోచించాలి. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. తెల్లబట్టకు వైద్యులు తరచూ మెట్రోనిడజోల్ మాత్రలు రాస్తారు, అవి వాడే రోజుల్లో ఆల్కహాలు ముట్టకూడదని చెబుతారు. అదే తెల్లబట్టకు ఇంట్లో పెద్దవాళ్లు అశోకారిష్టం పోస్తారు. ఒకేసారి రెండూ పడితే వాంతులు, గుండె దడ వచ్చే ప్రమాదం ఉంది.

అసలు చెట్టు గురించి కూడా చెప్పాలి. బడుల ముందు, ఆఫీసుల ప్రహరీల వెంట నిటారుగా స్తంభాల్లా పెరిగే చెట్టును మనం అశోక చెట్టు అంటాం. అది నరమామిడి. దాని ఆకు పొడవుగా, అంచు అలలు అలలుగా ఉంటుంది, పూలు ఆకుపచ్చగా ఉండీ లేనట్టుంటాయి. మందుకు పనికొచ్చే అశోకం గొడుగులా విస్తరిస్తుంది. దాని లేత ఆకులు రాగి రంగులో, వాడిపోయినట్టు వేలాడుతుంటాయి. నారింజ, ఎరుపు కలిసిన పూలగుత్తులు కొమ్మలకూ మానుకూ అంటుకుని పూస్తాయి. పట్ట కోసం ఒలిచేయడం వల్ల అడవుల్లో ఈ చెట్టు తరిగిపోయి ముప్పున్న జాతుల పట్టికకెక్కింది. దాంతో బజారులో అశోక పట్ట పేరుతో నరమామిడి పట్టను కల్తీ చేయడం మామూలైపోయింది. పొడి చేశాక రెంటినీ కంటితో గుర్తుపట్టలేం. అందుకే పట్టను విడిగా కొని ఇంట్లో కషాయం కాచుకోవడాన్ని నేను ఎవరికీ సూచించను.

నెలసరి రప్పించడానికి ఆయుర్వేదంలో ఉన్నవి వేరు: కుమార్యాసవం, రజఃప్రవర్తినీ వటి. వీటిలో కలబంద ఉంటుంది, రెండోదానిలో ఇంగువ, అన్నభేది, వెలిగారం కూడా ఉంటాయి. గర్భం లేదని ఖాయం చేసుకోకుండా, వైద్యులు చెప్పకుండా వీటిని ముట్టకండి.

శతావరి

మన అడవుల్లో ముళ్ల తీగగా పెరిగే పిల్లిపీచరే శతావరి. తీగ కింద వేళ్లు గుత్తిగా, వేలి లావున దిగి ఉంటాయి. పై పొర ఒలిచి ఎండబెడితే లేత గోధుమ రంగులో, పొడవునా గీతలు పడి కనిపిస్తాయి. నమిలితే మొదట తీపి, వెనక కాస్త చేదు.

దీనికి పేరు వచ్చింది బాలింతల వల్ల. పాలు పెరగడానికి శతావరి ఇవ్వడం పాత అలవాటు. ఈ విషయం మీద మన దేశంలోనే జరిగిన రెండు చిన్న పరీక్షలు రెండు రకాల జవాబులిచ్చాయి. 1996లో వచ్చినదానిలో ఉత్తుత్తి మందు తీసుకున్న తల్లులకూ శతావరి తీసుకున్న తల్లులకూ తేడా కనిపించలేదు. 2011లో వచ్చినదానిలో ప్రోలాక్టిన్ పెరిగినట్టు తేలింది. కాబట్టి పాలు చాలడం లేదనుకునే తల్లి ముందు బిడ్డ రొమ్ము సరిగా పడుతోందా, రాత్రిళ్లు కూడా పాలిస్తున్నామా అన్నది చూసుకోవాలి. శతావరి దాని తర్వాతే. పాలలో కలుపుకుని తాగడానికి రుచిగా ఉంటుంది, బాలింతకు అదనంగా ఒక గ్లాసు పాలు పడతాయి, ఆ మేలు ఎలాగూ ఉంది.

మెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగిపోయే దశ) దగ్గరపడుతున్నవారికి వేడి ఆవిర్లు తగ్గిస్తుందని కూడా దీన్ని విరివిగా అమ్ముతున్నారు. చిన్న అధ్యయనాలు కొన్ని ఆశ కలిగించేలా ఉన్నా, దాని మీద పూర్తిగా ఆధారపడేంత బలం వాటికి లేదు. పీసీఓఎస్‌కు, అంటే అండాశయాల్లో పురుష హార్మోన్లు ఎక్కువై నెలసరి గతి తప్పే ఇబ్బందికి, మంచిదన్న మాటకు ఆధారం ఇంకా పలుచన.

చూర్ణం రోజుకు 3 నుంచి 6 గ్రాములు వాడటం పరిపాటి. పలుకుల రూపంలో వచ్చే డబ్బాలు కొనేటప్పుడు వెనక పదార్థాల వరుస చదవండి. చాలావాటిలో చక్కెరదే మొదటి చోటు, శతావరి ఆ తర్వాతే. పీసీఓఎస్‌తో బరువు తగ్గాలని చూస్తున్న అమ్మాయి రోజూ రెండుసార్లు అది తాగితే చక్కెర తాగినట్టే. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు, ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను వల్ల పెరిగే గడ్డలున్నవారు శతావరికి దూరంగా ఉండాలి, దానిలో ఈస్ట్రోజెన్‌ను పోలిన గుణం ఉండొచ్చన్న అనుమానం ఉంది.

శతావరితో అశ్వగంధ కలిపిన మాత్రలు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నాయి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలూ నమోదయ్యాయి. థైరాయిడ్ ఉన్నవారు విడి శతావరికే పరిమితం కావడం మేలు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఈ మాత్రలకు దూరంగా ఉండాలి.

మెంతులు

పీసీఓఎస్‌లో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆ ఇన్సులిన్ ఎక్కువై అండాశయాలను పురుష హార్మోన్ల వైపు నెడుతుంది. మెంతులు ఉపయోగపడగలిగేది ఈ చోటే, ఎందుకంటే వాటిలోని జిగురు పీచు తిన్న ఆహారంలోని చక్కెర రక్తంలోకి చేరడాన్ని నెమ్మదింపజేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో మధుమేహుల మీద జరిగిన పరీక్షల్లో రోజుకు 25 గ్రాముల మెంతులు వాడారు. ఒక టీస్పూను మెంతులు సుమారు 4 గ్రాములు. రాత్రి నానబెట్టి ఉదయం నీళ్లు మాత్రం తాగి గింజలు పారేసేవారికి అందేది ఎంత తక్కువో దీన్నిబట్టి తెలుస్తుంది. గింజలు కూడా నమిలి తినాలి, లేదా మెంతిపిండి చేసి చపాతీ పిండిలో, మజ్జిగలో కలుపుకోవాలి. ఒక్కసారిగా 25 గ్రాములకు వెళితే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ఒక స్పూనుతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకుంటూ వెళ్లాలి.

థైరాయిడ్ మాత్ర పరగడుపున, మెంతుల నీళ్లు పరగడుపున అని రెండింటినీ ఒకే వేళకు పెట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. పీచు మాత్రను ఒంటబట్టనివ్వదు. మాత్ర ఉదయం, మెంతులు మధ్యాహ్నమో రాత్రో తీసుకుంటే చిక్కు తీరిపోతుంది. మధుమేహం మాత్రలు వాడేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు. శనగ, వేరుశనగ పడనివారికి మెంతులూ పడకపోవచ్చు. గర్భిణులు కూరలో పోపు వరకు వాడుకోవచ్చు, మందు మోతాదులో వద్దు.

అవిసెలు, నువ్వులు

అవిసె గింజల్లో లిగ్నాన్లు అనే పదార్థాలు ఉంటాయి, మన పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని ఈస్ట్రోజెన్‌ను కొద్దిగా పోలిన పదార్థాలుగా మారుస్తాయి. అందువల్ల వేడి ఆవిర్లు తగ్గుతాయని అమెరికాలో 188 మంది స్త్రీల మీద ఆరు వారాలు పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. అవిసెలు తిన్న జట్టులో దాదాపు మూడో వంతు మందికి ఆవిర్లు సగానికి తగ్గాయి. అవిసెలు లేని జట్టులోనూ సరిగ్గా అంతమందికే తగ్గాయి. "మా వదినకు తగ్గింది" అన్న మాట విన్నప్పుడు ఈ పరీక్ష గుర్తుంచుకోవాలి. వదిన చెప్పింది అబద్ధం కాదు, కానీ తగ్గడానికి కారణం గింజలే అని చెప్పలేం.

అంతమాత్రాన అవిసెలను పక్కన పెట్టనక్కరలేదు. మలబద్ధకానికి, కొలెస్టరాల్‌కు మంచివి. దోరగా వేయించి కారప్పొడి కొట్టుకుంటే అన్నంలోకి హాయిగా ఉంటుంది. పొడి చేయకుండా మింగితే గింజ గింజలాగే బయటికి పోతుంది.

నువ్వుల సంగతికి వస్తే, ఆడపిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి దంచి పెట్టడం మన ఆచారం. నువ్వులు హార్మోన్లను సరిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. కానీ ఎదిగే పిల్లకు కొవ్వు, మాంసకృత్తులు, కొంత ఇనుము, కాల్షియం ఇచ్చే తిండి అది. పొట్టు తీయని నువ్వులు 100 గ్రాముల్లో వెయ్యి మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉన్నా, నువ్వుల్లోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు అడ్డుపడటం వల్ల అందులో కొంతే ఒంటబడుతుంది. రక్తహీనత ఉన్న పిల్లకు చిమ్మిలి పెట్టండి, ఇనుము మాత్రలు మాత్రం మానిపించకండి.

పుదీనా, శొంఠి

ఈ రెండూ చౌక, పైగా వీటికి ఉన్న ఆధారం చాలా ఖరీదైన సీసాలకు లేదు.

పీసీఓఎస్ ఉన్న 42 మంది స్త్రీలు నెల రోజులు రోజుకు రెండు కప్పుల పుదీనా టీ తాగితే పురుష హార్మోను తగ్గిందని 2010లో బ్రిటన్‌లో తేలింది. వెంట్రుకలు తగ్గినట్టు వారికి అనిపించినా, వైద్యులు కొలిచి చూస్తే తేడా లేదు. వెంట్రుక మారడానికి ఆరు నెలలైనా పడుతుంది, కాబట్టి నెలకే తీర్పు చెప్పలేం. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు మాత్రం దీన్ని మందులా తాగకపోవడం మంచిది.

నెలసరి నొప్పికి శొంఠి పొడి మొదటి మూడు నాలుగు రోజులు రోజుకు ముప్పావు గ్రాము నుంచి రెండు గ్రాముల వరకు వాడితే ఉపశమనం ఉంటుందని పలు పరీక్షలు చూపాయి. నొప్పి మొదలయ్యే రోజే ప్రారంభించాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారికి ఇది వద్దు.

ఒకచోట చూస్తే

| ఏది | ఏ ఇబ్బందికి | ఆధారం | ఎవరికి వద్దు |
|---|---|---|---|
| అశోకారిష్టం | అధిక స్రావం | వాడుక ఎక్కువ, పరీక్షలు తక్కువ | గర్భిణులు, మధుమేహులు, మెట్రోనిడజోల్ వాడేవారు |
| శతావరి | బాలింతకు పాలు | పరస్పర విరుద్ధం | రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు |
| మెంతులు | ఇన్సులిన్ చిక్కు ఉన్న పీసీఓఎస్ | మధుమేహంలో బాగుంది, పీసీఓఎస్‌లో కొంత | గర్భిణులు. థైరాయిడ్ మాత్రలు వాడేవారు వేళ మార్చుకోవాలి |
| అవిసెలు | మలబద్ధకం, కొలెస్టరాల్ | ఆవిర్లకు పనిచేయలేదు | రక్తం పలుచబడే మందులు వాడేవారు అడిగి తినాలి |
| పుదీనా టీ | అవాంఛిత రోమాలు | చిన్న పరీక్షలు | గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు |
| శొంఠి | నెలసరి నొప్పి | ఉన్నవాటిలో మెరుగు | రక్తం పలుచబడే మందులు వాడేవారు |

మీరు వీరిలో ఎవరు?

కాలేజీకి వెళ్లే అమ్మాయి, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది, మొటిమలు, బరువు పెరగడం ఉన్నాయి: మెంతులు, పుదీనా ఆహారంలో భాగం చేసుకోవచ్చు. అసలు మార్పు తెచ్చేది నడక, నిద్ర, ఐదారు శాతం బరువు తగ్గడం. 90 రోజులు దాటుతుంటే వైద్యులు హార్మోన్ మాత్రలతో నెలసరి రప్పిస్తారు. గర్భసంచి పొర అతిగా మందం కాకుండా ఆ మాత్రలు కాపాడతాయి, వాటిని చూసి భయపడవద్దు.

పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నవారు: మూలికలన్నీ ఆపి, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టి, భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోండి. వయసు 35 దాటితే ఆరు నెలల కన్నా ఆగకండి. అత్తగారు ప్రేమతో తెచ్చిన చూర్ణాన్ని కాదనడం కష్టమే. "డాక్టరుగారు ఇప్పుడు ఏమీ వద్దన్నారు, అత్తయ్యా" అంటే చాలావరకు ఆ మాట చెల్లుతుంది.

నలభైల్లో ఉండి స్రావం ఎక్కువైనవారు: ముందు స్కానింగ్, హిమోగ్లోబిన్. గడ్డలు లేవని తేలాక అశోకారిష్టం వాడి చూడాలనుకుంటే మూడు నెలసరుల వరకు గడువు పెట్టుకోండి. ఎన్ని ప్యాడ్లు మార్చారో ప్రతిసారీ రాసి పెట్టుకోండి. సంఖ్య తగ్గకపోతే ఆపేయండి.

వేడి ఆవిర్లతో బాధపడుతున్నవారు: తీవ్రంగా ఉంటే హార్మోన్ చికిత్స గురించి వైద్యులను అడగండి. 60 ఏళ్ల లోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటనివారిలో, క్యాన్సర్, రక్తం గడ్డలు వంటి చరిత్ర లేకపోతే, దాని మేలు సాధారణంగా ప్రమాదం కన్నా ఎక్కువ. ఓ మోస్తరుగా ఉంటే శతావరి రెండు మూడు నెలలు వాడి చూడటంలో తప్పులేదు.

కొనేటప్పుడు

డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ప్రతి మూలిక ఎంతుందో విడివిడిగా ఉండాలి. 'రహస్య మూలికలు' అని రాసినదాన్ని కొనకండి. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 21 శాతంలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనబడింది. లోహ భస్మాలు కలిపినవాటిలో ఈ వాటా 40 శాతం దాకా ఉంది. గర్భం దాల్చే వయసులో ఉన్నవారికి సీసం చాలా చెడ్డది, అది ఎముకల్లో దాగి ఉండి గర్భంలో బిడ్డకు చేరుతుంది. భస్మం అని ఉన్న ఏ మందునూ ఆ వయసులో సొంతంగా వాడకూడదు.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగు కుటుంబాలు ఇక్కడి నుంచి సీసాలు సూట్‌కేసులో తీసుకెళ్లడం మామూలే. అక్కడి వైద్యులకు అశోకారిష్టం అంటే ఏమిటో తెలియకపోవచ్చు. పదార్థాల పట్టికను ఇంగ్లిషులో రాసుకుని, వృక్షశాస్త్ర నామాలతో సహా, ఫోనులో దాచుకోండి. ఏ మందు రాయించుకున్నా ముందు అది చూపించండి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే అన్నీ ఆపి, ఏవేవి ఆపారో మత్తుమందు ఇచ్చే వైద్యులకు చెప్పండి.